లీడ్స్ పెరట్లో చుక్కకూర చుట్టం

పులుపు పడనిదే మనకు పప్పు రుచించదు. చింతపండో, మామిడికాయో, పుంటికూరో, చుక్కకూరో ఏదో ఒకటి పడాల్సిందే. సోలాపూర్‌లో మూడు తరాలుగా ఉంటున్న మా ఇళ్ళల్లోనూ ఇది మారలేదు. బజారులో పుంటికూరను ‘అంబాడి’ అనీ, చుక్కకూరను ‘చుకా’ అనీ మరాఠీలో అడిగి కొంటాము. గడప దాటి లోపలికి వచ్చేసరికి అవి మళ్ళీ పుంటికూర, చుక్కకూర అయిపోతాయి. ఈ పులుపు వంశానికి చెందిన ఒక దూరపు చుట్టాన్ని నేను ఇంగ్లండులో చూసి వచ్చాను. మన పత్రిక చదివే కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఇప్పుడు చలి దేశాల్లో ఉన్నారు గనుక, ఆ సంగతులు ఎవరికైనా ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

ఆ చుట్టం పేరు రూబార్బ్. మాట వరసకు చుట్టం అనడం లేదు. వృక్షశాస్త్రం ప్రకారం చుక్కకూర, రూబార్బ్ నిజంగానే ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. రెండింటి పులుపులోనూ ఆక్సాలిక్ ఆమ్లం పాలు ఉంది. తేడా ఏమిటంటే చుక్కకూరలో మనం ఆకు తింటాము. రూబార్బ్‌లో ఆకు విషం, దాన్ని మోసే కాడ మాత్రమే తినాలి. కాడ చేమకాడ మాదిరిగా లావుగా, ఎర్రగా, మూరెడు పొడవు ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిండి కరువై ఆకులు కూడా వండుకోవచ్చునని బ్రిటన్‌లో కొందరు సలహా ఇచ్చారట. అవి తిని ప్రాణాలు పోయిన వారున్నారు.

ఇదే జాతిలో మరో మొక్క వేరు మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. మూలికల దుకాణాల్లో విరేచనానికి ఇచ్చే రేవలచిన్ని అదే. యూరపు వారు కూడా శతాబ్దాల పాటు రూబార్బ్‌ను మందు వేరుగానే ఎరుగుదురు. చక్కెర చవకయ్యాకనే ఆ పుల్లటి కాడలను వండుకుని తినడం వారికి అలవాటయింది.

మా అమ్మాయి, అల్లుడు లీడ్స్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో నెల రోజుల సెలవు పెట్టి నేనూ మా ఆవిడా వెళ్ళాము. అంతకు ముందు సంవత్సరమే వాళ్ళు బ్యాంకు అప్పు మీద చిన్న ఇల్లు కొన్నారు. అయిదేళ్ళు పని చేసి వచ్చేస్తామని వెళ్ళిన పిల్లలు. మేము వెళ్ళేటప్పటికి ఏడో ఏడు నడుస్తున్నది. ఆ లెక్క నా మనసులోనూ ఉంది, మా ఆవిడ మనసులోనూ ఉంది. పైకి మాత్రం ఎవరమూ అనలేదు.

లీడ్స్‌కు దక్షిణంగా వేక్‌ఫీల్డ్, మోర్లీ, రోత్‌వెల్ అనే మూడు ఊళ్ళున్నాయి. ఈ మూడింటి నడుమ ఉన్న నేలను ‘రూబార్బ్ త్రికోణం’ అంటారు. విస్తీర్ణం తొమ్మిది చదరపు మైళ్ళు. ఒకప్పుడు ఇది ఇంకా చాలా పెద్దది. 1939కి ముందు ఇక్కడ రెండు వందల మంది రైతులుండేవారట. క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా ఆర్డ్‌స్లీ స్టేషను నుంచి రాత్రిపూట రూబార్బ్ కోసమే ప్రత్యేకంగా ఒక రైలు నడిచేది. ఇప్పుడు మిగిలిన రైతులు కొద్దిమందే. అయినా ఊరికి దాని మీద అభిమానం పోలేదు. 2005లో వేక్‌ఫీల్డ్‌లో ఈ మొక్కకు ఏకంగా ఒక శిల్పమే నిలబెట్టారు. 2010లో ఐరోపా సంఘం ‘యార్క్‌షైర్ ఫోర్స్‌డ్ రూబార్బ్’ అనే పేరుకు రక్షణ ఇచ్చింది. మన దగ్గర సోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చినట్లన్నమాట.

ఫిబ్రవరిలో వేక్‌ఫీల్డ్‌లో జరిగే రూబార్బ్ ఉత్సవానికి రైల్లో వెళ్ళాము. ఆ వారంలోనే అల్లుడు మమ్మల్ని ఒక రైతు షెడ్డుకు తీసుకువెళ్ళాడు. పొడవైన, ఎత్తు తక్కువ షెడ్డు. లోపల చీకటి, గోరువెచ్చని తేమ. అక్కడక్కడ నేలలో గుచ్చిన కొవ్వొత్తులు తప్ప వేరే దీపం లేదు. ఆ గుడ్డి వెలుతురులో వేలకొద్దీ గులాబీ రంగు కాడలు, చివర లేత పసుపు ఆకులతో, నిటారుగా నిలబడి ఉన్నాయి. మొగ్గలు పొర చీల్చుకుని బయటికి వచ్చేటప్పుడు టప్‌మని చిన్న చప్పుడవుతుంది. చెవి పెట్టి వింటే మాకూ వినిపించింది.

ఈ చీకటి దేనికి? అక్కడి పద్ధతి ఇలా ఉంటుంది. వేళ్ళను మొదట రెండేళ్ళు ఆరుబయట పొలంలో పెంచుతారు. ఆ రెండేళ్ళూ ఒక్క కాడ కూడా కోయరు. ఆకులు ఎండలో తయారుచేసిన ఆహారమంతా వేరులోకి చేరి నిలవ ఉంటుంది. రెండో శీతాకాలంలో మంచు బాగా పడ్డాక వేళ్ళను పెళ్ళగించి వెచ్చని చీకటి షెడ్డులోకి మారుస్తారు. చలి తగిలింది గనుక మొక్క నిద్ర లేస్తుంది. వెలుతురు లేదు గనుక ఆకు పని చేయదు. అందుకని వేరులో దాచుకున్నదంతా కాడలకే ఖర్చు పెడుతుంది. కాడ లేతగా, పులుపు తగ్గి, మెత్తగా వస్తుంది. వెలుతురు తగిలితే ఈ లేతదనం పోతుందనే కొవ్వొత్తుల వెలుగులో కోస్తారు. కోత అయ్యాక ఆ వేరులో ఇక సత్తువ మిగలదు. దాన్ని ఎరువు కుప్పలో పారేస్తారు.

కామర్సు చదివి ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఉన్నవాణ్ణి గనుక నాకు ఇది డిపాజిట్ లెక్కలా కనిపించింది. వేరు అసలు, కాడ వడ్డీ. షెడ్డులో రైతు తెలిసే అసలును ఖర్చు చేస్తాడు, దానికి తగ్గ ధర వస్తుంది. ఇంటి పెరట్లో పెంచుకునేవాళ్ళు మాత్రం అసలు జోలికి పోకూడదు.

పెరటి సంగతి మాకు నేర్పింది పక్కింటి పెద్దాయన. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉండగా మోర్లీలో ఉన్ని మిల్లులో పని చేశాడట. మా నాన్న సోలాపూర్‌లో పవర్‌లూమ్ మీద తువ్వాళ్ళు నేసేవాడని అమ్మాయి చెప్పగానే ఆయన ముఖం వికసించింది. ఆ తరువాత నా ఇంగ్లీషు ఆయనకూ, ఆయన యార్క్‌షైర్ యాస నాకూ సగమే అర్థమైనా, మగ్గాల చప్పుడు గురించీ చెవుడు గురించీ చాలాసేపు మాట్లాడుకున్నాము.

ఈ పంట ఇక్కడే ఎందుకు స్థిరపడిందో ఆయనే చెప్పాడు. బంకమట్టి నేల తేమను పట్టి ఉంచుతుంది. పెనైన్ కొండల పక్క గనుక చలి, మంచు బాగా తగులుతాయి. షెడ్లు వెచ్చబెట్టడానికి దగ్గర్లోనే బొగ్గు గనులుండేవి. అన్నిటికీ మించి ఉన్ని మిల్లుల చెత్త ఉండేది. 1813లో ఇక్కడికి దగ్గర్లోని బాట్లీలో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని గుడ్డలను చీల్చి మళ్ళీ నూలు వడికే పద్ధతి కనిపెట్టాడు. ఆ గుడ్డకు ‘షాడీ’ అని పేరు. ఇంగ్లీషులో నాసిరకం సరుకును షాడీ అనడం అందులోంచి వచ్చిందే. వడకడానికి కూడా పనికిరాని పొట్టి పీచును రైతులు బండ్ల మీద తోలుకుపోయి రూబార్బ్ చేలకు వేసేవారు. ఉన్నిలో నత్రజని దండిగా ఉంటుంది, నెమ్మదిగా కుళ్ళుతూ నెలల తరబడి మొక్కకు అందుతుంది.

మా సోలాపూర్ మిల్లుల దూదిపొట్టు ఇలా పనికివస్తుందా అని నాకు ఆశ పుట్టింది. రాదు. గొర్రె ఉన్ని మాంసకృత్తు, అందుకే అందులో నత్రజని. దూది వట్టి పీచు, అందులో నత్రజని అత్యల్పం.

మార్చి మొదటి వారంలో పెద్దాయన తన ముసలి దుబ్బును పారతో చీల్చి, మొగ్గ ఉన్న ఒక ముక్క మా అమ్మాయికి ఇచ్చాడు. అయిదారేళ్ళకొకసారి చలికాలంలో ఇలా చీల్చకపోతే దుబ్బు బలం తగ్గుతుందట. ఆ చుట్టుపక్కల రూబార్బ్ కొనుక్కోవడం కంటే ఇలా ఇరుగు పొరుగు నుంచి అందుకోవడమే ఎక్కువని చెప్పాడు. మన కరివేపాకు పిలక సంగతీ అంతే గదా.

నాటిన పద్ధతి రాస్తాను. నీళ్ళు నిలవని, ఎండ తగిలే చోట గొయ్యి లోతుగా తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు బకెట్లు మట్టిలో కలిపాము. వేరు లోపల, మొగ్గ మాత్రం నేల మట్టానికి వచ్చేట్లు పెట్టాలి. మొగ్గ పూడితే కుళ్ళిపోతుంది. రెండు మొక్కలు పెడితే మధ్య మూడడుగులు వదలాలి. ఏటా చలికాలం చివర చుట్టూ మూడంగుళాల మందాన మాగిన ఎరువు పరవాలి, మొగ్గ మీద పడనీయకూడదు. వసంతంలో చదరపు మీటరుకు 100 గ్రాముల చొప్పున మామూలు మిశ్రమ ఎరువు చల్లి, వాన లేనప్పుడు నీళ్ళు పోయాలి. పూకాడ వస్తే వెంటనే మొదట్లో తీసేయాలి, లేకపోతే బలమంతా గింజకు పోతుంది.

ఇక కోత. మొదటి ఏడు ఒక్కటి కూడా ముట్టరాదు. రెండో ఏడు నాలుగైదు కాడలు. మూడో ఏటి నుంచి నిండుగా కోయవచ్చు గానీ, ఎప్పుడూ సగం కాడలు మొక్కకే వదలాలి. కత్తి వాడకుండా కాడ మొదలు పట్టుకుని మెలితిప్పి లాగాలి. జులై వస్తే ఆపేయాలి. ఆపైన వచ్చే ఆకులు మరుసటి ఏడాదికి వేరును నింపుతాయి.

మూడేళ్ళు అన్న మాట వినగానే మా ఆవిడ ఉండబట్టలేకపోయింది. “మూడేళ్ళకా? అప్పటికి మీరు ఇక్కడే ఉంటారామ్మా?” అని అడిగింది. అమ్మాయి చేతికంటిన మట్టి దులుపుకుంటూ, “ఉంటామనే పెడుతున్నామమ్మా” అంది. అంతే. నెల రోజులుగా నలుగురమూ దాటవేస్తున్న మాటకు జవాబు వచ్చేసింది. మా ఆవిడ లోపలికి వెళ్ళి టీ పెట్టింది. ఆ సాయంత్రం పెద్దగా మాట్లాడలేదు.

నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. తాత కరీంనగర్ జిల్లా నుంచి సోలాపూర్ మిల్లు పనికి వచ్చినప్పుడు, నాలుగు డబ్బులు చేరగానే ఊరికి పోదామనే వచ్చారు. అద్దె గదిలో ఎన్ని ఏళ్ళున్నా ఆమె కుండీలో తులసి తప్ప మొక్క పెట్టలేదట. ఎత్తుకుపోవడానికి వీలుగా ఉంటుందని. సొంతంగా రెండు గదులు కట్టుకున్న ఏడాది వాకిట్లో కరివేపాకు నేలలో నాటింది. ఆ తరువాత ఊరికి పోదామన్న మాట ఆమె నోట రాలేదని మా నాన్న చెప్పేవాడు. అయినా మేము తెలుగు మరచిపోలేదు, పుంటికూర మానలేదు. ఆ రాత్రి మా ఆవిడతో ఇదే చెప్పాను. ఆమె విన్నది. ఒప్పుకున్నదని మాత్రం చెప్పలేను.

ఈ మొక్క మూట కట్టుకుని మన వైపు తెచ్చేది కాదు. చలి తగలనిదే అది నిద్ర లేవదు. ఏప్రిల్‌లో నలభై డిగ్రీలు దాటే సోలాపూర్‌లో దాని బదులు చుక్కకూర చల్లుకోవడమే మేలు.

2025 ఏప్రిల్‌లో, మూడో ఏట, అమ్మాయి మొదటిసారి నిండుగా కోసింది. అక్కడి వాళ్ళు దాన్ని చక్కెరతో ఉడికించి, పైన పిండి, వెన్న కలిపిన పొడి చల్లి కాల్చి తింటారు. అమ్మాయి మాత్రం అంగుళం ముక్కలు కోసి, కందిపప్పు ఉడికాక పచ్చిమిరపకాయలతో వేసి, వెల్లుల్లి పోపు పెట్టింది. ముక్క అయిదు నిమిషాల్లో కరిగిపోతుంది, చింతపండు అక్కరలేదు. కిడ్నీలో రాళ్ళున్నవారు చుక్కకూర లాగే దీన్నీ మితంగా తినాలి. ఒక గిన్నె పక్కింటి పెద్దాయనకూ పంపింది. కారమని నీళ్ళు తాగుతూనే అంతా తిన్నాడట.

మా ఆవిడ ఇప్పుడు ఆదివారం ఫోనులో ఎప్పుడు వస్తారని అడగడం తగ్గించింది. చలికాలం పోతుండగా ఎరువు వేశారా, మొగ్గ మీద పడలేదు గదా అని అడుగుతున్నది.