తొమ్మిదీముప్పావు ప్లాట్‌ఫాం మీద వీడ్కోలు

సినిమా ఎప్పుడు అయిపోతుందా అని వాచీ చూసుకునేవాళ్లని చూశాం. అయిపోకూడదని వానలో తడుస్తూ రోడ్డుమీద పడుకున్నవాళ్ల గురించి విన్నారా? 2011లో హ్యారీ పోటర్ ఆఖరి సినిమా కోసం లండన్‌లో అదే జరిగింది. ఆ జనంలో మా చెల్లీ ఉంది. ఇన్నేళ్ల తర్వాత తన వెంట ఆ చోట్లన్నీ తిరిగొచ్చా!

''అక్కా, ఇక్కడ ఒకటే వాన. నేను సింహం పక్కనే ఉన్నా'' అంది ఫోన్లో మా చెల్లి.

''ఏ సింహం?'' అన్నా కంగారుగా.

అది 2011 జులై 7. నేను డెస్కులో రాత్రి డ్యూటీలో ఉన్నా. లండన్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా చెల్లి ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉంది. ఆ సాయంత్రం అక్కడ హ్యారీ పోటర్ ఎనిమిదో సినిమా ప్రీమియర్. అదే ఆఖరిది. స్నేహితులతో కలిసి రెండు రాత్రులు ప్లాస్టిక్ పట్టా కప్పుకుని అక్కడే పడుకుందట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది.

నాకు నవ్వొచ్చింది. ''సినిమా అయిపోతోందని ఏడుపేంటే? టీవీలో వందసార్లు వేస్తారుగా!'' అన్నా.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ''నాన్న మొదలుపెట్టించినవన్నీ ఒక్కోటీ అయిపోతున్నాయక్కా'' అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట చాలాకాలం గుచ్చుకుంటూనే ఉంది. ఈమధ్య సెలవు పెట్టి లండన్ వెళ్లినప్పుడు ''ఏమేం చూస్తావక్కా?'' అని అడిగింది చెల్లి. ''ఆ రోజు నువ్వు నిల్చున్న చోటు'' అన్నా.

హెర్మియోన్ కథ

మా నాన్న విజయవాడలో హైస్కూలు ఇంగ్లిషు మాస్టారు. మా ఇంగ్లిషు బాగుపడుతుందని మొదటి హ్యారీ పోటర్ పుస్తకం తెచ్చారు. రాత్రి అన్నాలయ్యాక డాబామీద పక్కలు వేసుకుని, ఒక పేజీ ఇంగ్లిషులో చదివి, తెలుగులో చెప్పేవారు. మెట్ల కింది గదిలో పడుకునే అనాథ పిల్లాడు, వాడికి ఉత్తరాలు తెచ్చే గుడ్లగూబలు, తెల్లగడ్డం తాత... నాన్న నోట అదంతా మన కాశీమజిలీ కథల్లాగే ఉండేది. అందులో తెలివైన అమ్మాయి పేరును నాన్న 'హెర్మియోన్' అని పలికేవారు. మేమూ అంతే. 2002లో మొదటి సినిమాకి తీసుకెళ్లారు. తెరమీద 'హర్మైనీ' అని వినపడగానే మేమిద్దరం నాన్న వైపు చూశాం. ఇంటికొచ్చేదాకా తనని తనే వెక్కిరించుకుని నవ్వుతూనే ఉన్నారు.

ఏడో పుస్తకం విడుదలైన రోజు... 2007 జులై 21. లండన్‌లో అర్ధరాత్రి దాటాక మొదటి నిమిషంలో అమ్మకాలు మొదలయ్యాయి. అప్పుడు మనకు తెల్లవారుజామున నాలుగున్నర. మా ఊళ్లో మేం కొనే షాపు తెరిచేది తొమ్మిదింటికి. నాన్న ఏడింటికే వెళ్లి దాని మెట్లమీద కూర్చున్నారు!

ఆరు సినిమాలు నాన్నతో చూశాం. ఆరోది వచ్చింది 2009లో. ఆ ఏడాది చివర్లో నాన్న వెళ్లిపోయారు. చివరి రెండూ నాన్న లేకుండానే చూశాం.

సింహాల దగ్గర

ట్రఫాల్గర్ స్క్వేర్ మధ్యలో దాదాపు 52 మీటర్ల స్తంభం. పైన సేనాని నెల్సన్ విగ్రహం, కింద నాలుగు దిక్కులా నాలుగు కంచు సింహాలు. మేం వెళ్లినరోజు ఎండ కాస్తోంది. పావురాల్ని తరుముతూ పిల్లలు, మెట్లమీద సాండ్‌విచ్‌లు తింటూ ఆఫీసువాళ్లు. చెల్లి ఒక సింహం దగ్గరికి వెళ్లి ''ఇదిగో, ఇక్కడ'' అని నేలమీద చెప్పుతో గీత గీసింది.

మామూలుగా లండన్‌లో పెద్ద సినిమాల ప్రీమియర్లు లెస్టర్ స్క్వేర్‌లో జరుగుతాయి. ఆ ఏడాది అక్కడ మరమ్మతులు. పైగా జనం పట్టరు. దాంతో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వేదిక కట్టి, అక్కణ్నుంచి లెస్టర్ స్క్వేర్ దాకా ఎర్ర తివాచీ పరిచారు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో సినిమా ప్రీమియర్ జరగడం అదే మొదటిసారి. ఎన్నో దేశాల నుంచి అభిమానులొచ్చారు. టెంట్లు, గొడుగులు, నుదుటిమీద పెన్నుతో గీసుకున్న మెరుపు మచ్చలు!

''అంతమంది ఉన్నా తోసుకోలేదక్కా. పక్కవాళ్లు నిద్రపోతుంటే వాళ్ల చోటుకి మేం కాపలా. ఒకావిడ నార్వే నుంచో ఎక్కణ్నుంచో వచ్చింది. ఆవిడకి పులిహోర పెట్టా'' అంది చెల్లి.

సాయంత్రం నటులు వచ్చారు. డేనియల్ ర్యాడ్‌క్లిఫ్, రూపర్ట్ గ్రింట్, ఎమ్మా వాట్సన్. 2000లో మొదటి సినిమా తీసేటప్పుడు ర్యాడ్‌క్లిఫ్‌కి పదకొండేళ్లు. ఈ వేదికెక్కేనాటికి ఇంకో రెండు వారాల్లో ఇరవై రెండు నిండుతాయి. అక్కడున్న చాలామంది వయసూ ఇంచుమించు అంతే. వాళ్ల గొంతు మారినప్పుడు వీళ్ల గొంతూ మారింది. వీళ్లు పదో తరగతి పరీక్షలు రాసేటప్పుడు తెరమీద వాళ్లూ పరీక్షలు రాశారు. ఆ కథ అయిపోవడమంటే చిన్నతనం అయిపోవడమే. వేదికమీద ఎమ్మా వాట్సన్ కన్నీళ్లు పెట్టుకుంది. పుస్తకం తెరిచినా, సినిమా చూసినా హాగ్వార్ట్స్ ఎప్పుడూ మీ ఇల్లేనన్న అర్థం వచ్చేలా రచయిత్రి జె.కె.రౌలింగ్ మాట్లాడారు. చెల్లి ఫోన్ చేసింది సరిగ్గా ఆ తర్వాతే.

''సినిమా చూడాలని తొందరగా లేదా?'' అనడిగా.

''ఉంది. రాకపోతే బాగుండనీ ఉంది. ఏడో పుస్తకాన్ని రెండు సినిమాలుగా తీస్తున్నారంటే డబ్బుకోసమని అందరూ తిట్టారు. మేం మాత్రం ఇంకో ఎనిమిది నెలలు మిగిలిందని సంబరపడ్డాం.''

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు గుళ్లో నెల్లాళ్లు రామాయణం చెప్పేవారు. పట్టాభిషేకం రోజున అందరి మొహాల్లో వెలుగు. అయినా ప్రసాదం తీసుకున్నాక కూడా ఎవరూ లేచేవాళ్లు కాదు. మర్నాడు సాయంత్రం ఆరయ్యేసరికి నాన్న కండువా వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, ''అరె, నిన్ననే అయిపోయిందిగా'' అంటూ వెనక్కి వచ్చేవారు. మా చెల్లి ఏడుపూ అలాంటిదే. పదమూడేళ్లకి అర్థమైంది అనుకుంటే సిగ్గేసింది. నిజానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

ట్రఫాల్గర్ నుంచి అయిదు నిమిషాలు నడిస్తే లెస్టర్ స్క్వేర్. చీపురు కట్టమీద ఎగురుతున్న హ్యారీ విగ్రహాన్ని 2020లో అక్కడ పెట్టారు. మా చెల్లి కొడుకు దానికింద నిల్చుని అచ్చం అలాగే ఫోజిచ్చాడు. వాడికి ఏడేళ్లు!

గోడలోకి తోపుడు బండి

మర్నాడు కింగ్స్ క్రాస్ స్టేషను. 1852లో కట్టారు. రౌలింగ్ తల్లిదండ్రులు ఒకర్నొకరు మొదటిసారి చూసుకుంది ఇక్కణ్నుంచి బయల్దేరిన రైల్లోనే. అందుకే తన హీరోని కూడా ఇక్కడే రైలెక్కించింది. తొమ్మిది, పది ప్లాట్‌ఫాంల మధ్యనున్న గోడలోకి నడిస్తే తొమ్మిదీముప్పావు ప్లాట్‌ఫాం వస్తుంది. తమాషా ఏంటంటే, నిజం స్టేషన్లో ఆ రెండింటి మధ్యా అలాంటి గోడే లేదు. రాసేటప్పుడు మరో స్టేషన్‌తో పొరబడ్డానని ఆవిడే చెప్పింది. సినిమావాళ్లు నాలుగు, అయిదు ప్లాట్‌ఫాంల మధ్య చిత్రీకరించారు.

ఇప్పుడు స్టేషను హాల్లో ఓ గోడకి సగం దూరిపోయిన తోపుడు బండి ఉంది. దాని పిడి పట్టుకుని ఫొటో దిగాలి. మనం గెంతగానే పక్కనున్న కుర్రాడు మెడలో మఫ్లర్ ఎగరేస్తాడు. మన ఫోన్లో తీసుకుంటే డబ్బులేం అక్కర్లేదు. వరస మాత్రం గంటసేపు. ముందు ఒక జపాన్ కుటుంబం, వెనక నెరిసిన జుట్టుతో ఇద్దరు దంపతులు. వాళ్ల వెంట పిల్లలెవరూ లేరు!

ఇక్కడికి సరదాకే కాదు, దుఃఖంతోనూ వస్తారు. 2016 జనవరిలో స్నేప్ పాత్రధారి అలన్ రిక్‌మన్ చనిపోయినప్పుడు అభిమానులు పూలు తెచ్చి పెట్టింది ఈ బండి దగ్గరే. కథలో పిల్లలంతా ఏటా సెప్టెంబరు 1న ఉదయం 11 గంటలకి ఇక్కణ్నుంచే హాగ్వార్ట్స్‌కి వెళతారు. అందుకని ఆ రోజున జనం ఇక్కడికి చేరతారు. లేని రైలు కోసం స్టేషన్లో ప్రకటన కూడా వినిపించేవారు. 2024లో ఈసారి అలాంటిదేమీ ఉండదని ముందే చెప్పారు. అయినా వందలమంది వచ్చారు. పదకొండయింది. ప్రకటన రాలేదని గోలచేశారు!

ఆఖరి సినిమా ముగిసేదీ ఈ ప్లాట్‌ఫాం మీదే. పంతొమ్మిదేళ్ల తర్వాత, పెద్దవాళ్లయిన ముగ్గురూ తమ పిల్లల్ని రైలెక్కిస్తారు. ఆ సన్నివేశాన్ని మొదట ఈ స్టేషన్లోనే తీశారు. సరిగా రాలేదని 2010 డిసెంబరులో స్టూడియోలో మళ్లీ తీశారు. చెల్లి ఆ మాట చెబుతుంటే వాడు బండి పట్టుకుని ''అమ్మా, చూడూ'' అని అరుస్తున్నాడు.

పుట్టినరోజు పిల్లలు తీసే తలుపు

ఆ స్టూడియో వాట్‌ఫర్డ్ పక్కన లీవ్స్‌డెన్‌లో ఉంది. ఒకప్పుడది విమానాల ఫ్యాక్టరీ. రెండో ప్రపంచయుద్ధంలో మస్కిటో, హాలిఫాక్స్ యుద్ధవిమానాలు ఇక్కడ తయారయ్యేవి. ఎనిమిది సినిమాలకూ ఇదే ఇల్లు. సెట్లు పడేయకుండా ఉంచి, 2012 మార్చి 31 నుంచి జనానికి చూపిస్తున్నారు.

మొదట చిన్న హాల్లో ఓ సినిమా ముక్క. అయిపోగానే ఎదురుగా పేద్ద తలుపులు. ఆ రోజు పుట్టినరోజు ఉన్నవాళ్లని పిలిచి వాళ్లచేత తెరిపిస్తారు. తెరవగానే... గ్రేట్ హాల్! పొడుగాటి బల్లలు, కాళ్లకింద నిజం రాతి పలకలు. పక్కనున్నావిడ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చివర్లో హాగ్వార్ట్స్ కోట నమూనా. అసలు కొలతలో ఇరవైనాలుగో వంతు. అయినా గది నిండిపోయింది. కిటికీల్లో, లాంతర్లలో 2,500 సన్నటి దీపాలు. గదిలో నాలుగు నిమిషాలకోసారి పగలు రాత్రయినట్టు వెలుతురు మారుతుంటే అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు, గుళ్లోలాగా.

నాకు మాత్రం దాని తర్వాతి గది నచ్చింది. గోడలనిండా మంత్రదండాల పెట్టెలు, వేలల్లో. ఒక్కో పెట్టెమీద ఒక్కో పేరు. సినిమాకి పనిచేసినవాళ్లవి. నటులవీ, వడ్రంగులవీ, కుట్టుపనివాళ్లవీ అన్నీ ఒకే సైజు అక్షరాల్లో!

ఈ లీవ్స్‌డెన్‌లోనే 2025లో హెచ్‌బీవో వాళ్లు అదే కథని సీరియల్‌గా తీయడం మొదలుపెట్టారు. కొత్త పిల్లలు, కొత్త హ్యారీ. ''చూస్తావా?'' అన్నా. ''వీడు చూస్తాడు'' అంది చెల్లి.

ఇసుకలో మేజోళ్లు

చివరగా వేల్స్. లండన్ నుంచి కార్లో అయిదు గంటలు దాటే ప్రయాణం. ఫ్రెష్‌వాటర్ వెస్ట్ అనే బీచ్. పెద్ద పెద్ద అలలు, గడ్డి మొలిచిన ఇసుక దిబ్బలు, హోరుగాలి. ఏడో సినిమాలో హ్యారీని కాపాడుతూ ప్రాణం వదిలిన డాబీ అనే చిట్టి జీవిని ఈ దిబ్బల్లోనే పూడ్చిపెడతారు. డాబీ ఓ ఇంట్లో బానిస. యజమాని చేతి నుంచి ఒక మేజోడు దొరకడంతో దానికి విముక్తి లభిస్తుంది. అందుకని అభిమానులు ఇక్కడికొచ్చి గులకరాళ్లమీద పేర్లు రాసి పెడతారు. మేజోళ్లూ వదిలేస్తారు. లేని జీవికి, లేని సమాధి!

బీచ్‌ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ దీన్ని ఉంచాలా తీసేయాలా అని జనాన్ని అడిగి, ఉంచుతామని 2022లో ప్రకటించింది. మేజోళ్లు, రాళ్లమీది రంగు పెచ్చులు సముద్రంలోకి చేరితే జీవులకి ప్రమాదం కాబట్టి ఏమీ వదలొద్దు, ఫొటోలు మాత్రమే తీసుకోండని కోరింది.

చెల్లి ఓ తెల్లటి రాయి ఏరి, సంచిలోంచి స్కెచ్ పెన్ను తీసింది. ఎవరి పేరు రాయాలనుకుందో అడగక్కర్లేదు. నేను నేషనల్ ట్రస్ట్ మాట చెప్పా. ఒక నిమిషం అలాగే కూర్చుంది. పెన్ను సంచిలో పడేసి, రాయిని ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసింది. ''నాన్నయినా అదే చెప్పేవారు'' అంది.

ఊహకి పుట్టినవాళ్ల కోసం ఇంత దూరాలు ఎందుకొస్తారని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. వచ్చేది వాళ్లొక్కళ్ల కోసమే కాదు. ఆ కథని మన పక్కన కూర్చుని విన్నవాళ్ల కోసం కూడా. వీడ్కోలు చెప్పడానికి మనిషికో చోటు కావాలి. ఆ చోటు నిజమైనదైతే చాలు, కథ కల్పనైనా ఫర్వాలేదు.

తిరిగి వచ్చిన రాత్రి మంచమెక్కి పిల్లాడు మొదటి పుస్తకం తీశాడు. ''పెద్దమ్మా, నేను చదువుతా, నువ్వు విను'' అన్నాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. రైల్లోకి ఆ అమ్మాయి వచ్చేచోట ఆగాడు. వేలు పెట్టి మెల్లిగా పలికాడు.

''హెర్... మి... యోన్.''

సరిచేద్దామని నోరు తెరిచా. చెల్లి నా చెయ్యి పట్టుకుంది.

''చదవనీ అక్కా'' అంది.

ఇలా వెళ్లొచ్చు

* ట్రఫాల్గర్ స్క్వేర్‌కి చేరింగ్ క్రాస్ స్టేషన్లో దిగాలి. అక్కణ్నుంచి లెస్టర్ స్క్వేర్‌కి నడకే.
* కింగ్స్ క్రాస్‌లో తోపుడు బండి ఫొటోకి పొద్దున్నే వెళితే వరస తక్కువ.
* లీవ్స్‌డెన్ స్టూడియోకి లండన్ యూస్టన్ నుంచి వాట్‌ఫర్డ్ జంక్షన్ దాకా రైల్లో వెళ్లి, బస్సెక్కాలి. టికెట్లు ముందే కొనుక్కోవాలి, గేటు దగ్గర ఇవ్వరు.
* ఫ్రెష్‌వాటర్ వెస్ట్‌లో అలల ఉద్ధృతి ఎక్కువ. పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి.