గాడి ఉందంటే తిప్పమని

కారు వెనక చక్రం దగ్గర వచ్చే ఆ కీచుమనే చప్పుడు కావాలని పెట్టిందట! బ్రేకు ప్యాడ్ అంచున గోరంత ఇనుప రేకు ఒకటి ఉంటుంది. ప్యాడ్ అరిగి పలచబడ్డాక ఆ రేకు డిస్కుకి తగిలి అరుస్తుంది. మా కారులో దీనికి వైరు లేదు, సెన్సర్ లేదు, డ్యాష్‌బోర్డు మీద దీపం లేదు. రేకుముక్క అరుస్తుంది, మనం వింటాం, అంతే. ఇంత తెలివైన ఏర్పాటు నేనింతవరకూ చూడలేదు.

మేముండేది డాలస్ పక్కన. కారు 2009 హోండా అకార్డ్. వెనక ప్యాడ్లు మార్చడానికి ఒక షాపులో 300 డాలర్ల పైనే చెప్పారు. ప్యాడ్ల సెట్టు మాత్రం 40 డాలర్లు. విజయవాడలో మా నాన్న ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఫోన్లో ఈ సంగతి చెబితే, "అదెంత పనమ్మా, వీడియో పెట్టు, నేను చూస్తుంటాగా" అన్నారు. మాకు శనివారం పొద్దున తొమ్మిది, ఆయనకి రాత్రి ఏడున్నర.

చక్రాల నట్లు కారు నేల మీదుండగానే వదులు చేశాను. ముందు చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, వెనక జాకీతో ఎత్తాను. ఉత్త జాకీని నమ్మొద్దని నాన్న గట్టిగా చెప్పారు. రెండు వైపులా స్టాండ్లు వేసి, బండిని చేత్తో ఊపి చూపిస్తే గానీ చక్రం విప్పనివ్వలేదు.

చక్రం వెనక ఇంత ప్రపంచం ఉందా! మెరిసే డిస్కు, దాన్ని పిడికిట్లో పట్టుకున్నట్టు కాలిపర్. రెండు బోల్టులు తీస్తే కాలిపర్ చేతికొచ్చింది. బరువంతా రబ్బరు గొట్టం మీద పడకుండా దాన్ని తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టాను. పాత ప్యాడ్లు ఊడదీసి కొత్తవాటి పక్కన పెట్టాను. కొత్తదాని మీద లైనింగ్ సుమారు 9 మిల్లీమీటర్లు, పాతదాని మీద 2. మా కారుకి 1.6 దాకా వస్తే మార్చాల్సిందే. అంటే ఆ రేకు సరిగ్గా వేళకే అరిచింది.

అసలు సంగతి ఇప్పుడు మొదలైంది. కొత్త ప్యాడ్లు మందం కాబట్టి పిస్టన్ లోపలికి వెళ్లాలి. క్లాంపు పెట్టి బిగించబోయాను. కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టబోతుంటే, "ఆగు ఆగు! ఫోను దగ్గరికి తీసుకురా" అన్నారు నాన్న. కాసేపు చూసి, "పిస్టన్ ముఖం మీద ప్లస్ గుర్తులా గాడి ఉంది చూడు. గాడి ఉందంటే తిప్పమని. నొక్కితే లోపలి మర పాడైపోద్ది" అన్నారు.

అవును, గాడి ఉంది! ఈ కారుకి హ్యాండ్ బ్రేకు కూడా ఈ కాలిపర్‌లోనే ఉంది. మనం లివరు లాగితే కేబుల్ వచ్చి లోపలి మరని కదిలిస్తుంది, మర పిస్టన్‌ని తోస్తుంది. అందుకే దాన్ని సీసా మూతలా తిప్పుకుంటూ పోవాలి. ఆ తిప్పే పనిముట్టు కొననక్కర్లేదు. ఆటోజోన్ అనే కారు విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిచ్చేస్తే ఆ డబ్బు మనకిచ్చేస్తారు. (ఈ మాట ఇక్కడున్న మనవాళ్లలో ఎంతమందికి తెలుసో!) పరుగున వెళ్లి తెచ్చాను. కుడివైపుకి తిప్పుతుంటే మెత్తగా, బరువుగా, చుట్టు చుట్టుకీ కాస్తకాస్త లోపలికి దిగింది. బానెట్ కింద డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం అంతకంతకూ పైకి లేచింది. ఇన్నాళ్లూ ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారిపోతోందేమో అనుకునేదాన్ని. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకొస్తుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. డబ్బాలో తగ్గడానికి అదీ ఒక కారణమే!

ప్యాడ్ వీపున చిన్న బొడిపె ఉంటుంది. అది పిస్టన్ గాడిలో కూర్చోవాలి. గాడిని కొంచెం అటూ ఇటూ తిప్పి సరిచేశాను. కూర్చుంది.

రెండో వైపు అరగంటలో అయిపోయింది.

చక్రాలు బిగించాక మా ఆయన కారెక్కి పెడల్ తొక్కారు. మొదటిసారి కాలు నేలదాకా పోయింది. నాలుగైదు సార్లు తొక్కేసరికి గట్టిపడింది. గాల్లో ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పుతూ "తొక్కండి" అన్నాను. టక్కున ఆగింది. "వదలండి" అన్నాను. హాయిగా తిరిగింది. నాన్నని అడిగాను, కాలు తీశాక పిస్టన్‌ని వెనక్కి లాగేదెవరు, అక్కడ స్ప్రింగు కనబడలేదే అని.

"రబ్బరు రింగమ్మా" అన్నారు.

నమ్మలేకపోయాను. పిస్టన్ చుట్టూ నలుచదరపు కోత ఉన్న రబ్బరు రింగు ఉంటుందట. బ్రేకు తొక్కితే పిస్టన్ ముందుకి జరుగుతూ ఆ రింగుని తనతోపాటు కాస్త వంచుతుంది. కాలు తీస్తే రబ్బరు తన ఆకారానికి తాను వస్తూ పిస్టన్‌ని వెంటబెట్టుకొస్తుంది. ఆ జరగడం మిల్లీమీటరులో చిన్న ముక్క, అంతే. ప్యాడ్ అరిగినప్పుడు పిస్టన్ రింగులోంచి జారి కొంచెం ముందుకొచ్చి కూర్చుంటుంది. 1500 కిలోల బండి రోజూ సిగ్నలు దగ్గర ఆగి, మళ్లీ తేలిగ్గా కదలడంలో ఈ రింగు చేసే పని ఇంత ఉంది. ఇప్పుడు బ్రేకు తొక్కిన ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తోంది.

మీ కారు వెనక చక్రం కూడా కీచుమంటోందా? ఒక శనివారం పొద్దున ఖాళీ పెట్టుకోండి. మీ బండి మాన్యువల్ తెరిచి ఆ పేజీలు చదవండి. స్టాండ్లు లేకుండా మొదలుపెట్టకండి, పెడల్ గట్టిపడకుండా బండి కదపకండి. పిస్టన్ మీద గాడి కనిపిస్తే నొక్కకండి, తిప్పండి.