గోదావరి వెంట నేలబారు చలి

బరువైన చల్లగాలి వేడిగాలి కిందికి చొచ్చుకుపోయి దాన్ని పైకి నెట్టుకుంటూ సాగే అంచును శీతల వాతాగ్రం అంటారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో నార్వేలోని బెర్గెన్‌లో ఈ భావనను రూపొందించిన శాస్త్రజ్ఞులు, సైన్యాలు ఎదురెదురుగా మోహరించే యుద్ధరేఖను దృష్టిలో ఉంచుకొని దానికి ఆ పేరు పెట్టారు. అటువంటి వాతాగ్రం దక్కన్ పీఠభూమికి నేరుగా రాదు. మధ్యధరా ప్రాంతం నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల మీదుగా వచ్చి హిమాలయాల్లో మంచును, పంజాబు మైదానాల్లో వానను కురిపించే పశ్చిమ అలజడులు తూర్పుకు దాటిపోయిన తరువాత, వాటి వెనుక తేటపడిన ఆకాశం కింద ఉత్తరపు పొడిగాలి దక్షిణానికి దిగుతుంది. సాత్పురాలు దాటి గోదావరి పరీవాహకానికి చేరేసరికి దానికి వాతాగ్రపు పదును గాని వానమబ్బు గాని ఉండవు, చలి ఒక్కటే మిగులుతుంది. కార్తీకం ముగిసి మార్గశిరం ప్రవేశించే రోజుల్లో తెలుగు నేలకు వెలువడే వాతావరణ సూచన యావత్తూ ఈ ఉత్తరగాలికీ, బంగాళాఖాతం నుంచి వచ్చే తూర్పు తేమగాలికీ మధ్య ఎవరిది పైచేయి అన్న లెక్క మీదే నడుస్తుంది. సముద్రంలో అల్పపీడనం ఏర్పడి మబ్బు కమ్మితే రాత్రి ఉష్ణోగ్రతలు పెరుగుతాయి, మబ్బు విడిపోగానే మళ్లీ పడిపోతాయి.

మైదాన ప్రాంతపు కేంద్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లేదా అంతకంటే కిందికి దిగి, అది ఆ రోజుకు సాధారణమైన దానికంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా ఉన్నప్పుడు వాతావరణ శాఖ ‘శీతల గాలులు’ అని ప్రకటిస్తుంది. ఆ అంకెను నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేలా పక్కలకు రెక్కలు అమర్చిన తెల్లని పెట్టెలోని ఉష్ణమాపకం చెబుతుంది. నిర్మలమైన రాత్రి భూమి తన వేడిని ఆకాశంలోకి వెళ్లగక్కుతుంది గనుక, ఆ పెట్టె కింద గడ్డిపరక దగ్గర చలి అంతకంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగానే ఉంటుంది. సూచన చెప్పేది నాలుగడుగుల ఎత్తున ఉండే చలిని. పంట, సరుకు, నేలమీద పడుకునే మనిషి ఎదుర్కొనేది నేలబారు చలిని.

1465 కిలోమీటర్ల గోదావరి త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరి మీద పుట్టి, నాసిక్ దాటగానే నిఫాడ్ ద్రాక్షతోటల్లో ఈ తేడాను చూపిస్తుంది. మహారాష్ట్రలో చలికి పేరుపడిన ఆ తాలూకాలో రైతులు తెల్లవారుజామున తోటల మధ్య మంటలు వేసి, పాదులకు నీరు పెట్టి, చలికి పండు పగలకుండా కాపాడుకుంటారు. అదే తాలూకాలో నాందూర్ మధ్మేశ్వర్ జలాశయానికి వలసపక్షులు చేరుకునేదీ ఈ రోజుల్లోనే. పైఠణ్ వద్ద జాయక్‌వాడీ జలాశయాన్ని, నాందేడ్‌ను దాటి నది తెలుగు సరిహద్దు సమీపానికి వచ్చేసరికి బాబ్లీ బ్యారేజీ ఎదురవుతుంది. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకే తెరిచి ఉండాలి. ఆ తరువాత గేట్లు దించుతారు. మార్చి 1న విడిచే 0.6 టీఎంసీల నీరు తప్ప శ్రీరామసాగర్‌కు అటునుంచి ఆశించగలిగింది పెద్దగా ఉండదు. ఆకాశం తేటపడి ఉత్తరగాలికి దారి తెరుచుకునే వారాల్లోనే నదికి తలుపు పడుతుందన్న మాట. మంజీర వచ్చి కలిసే కందకుర్తి దగ్గర, జ్ఞానసరస్వతి కొలువైన బాసర దగ్గర కార్తీక స్నానాలకు దిగేవారు గేట్లు దించిన తేడాను నీటి లోతులో గమనిస్తారు.

బాసరకు ఉత్తరాన సాత్మాల కొండలకు ఆవల ఉన్న ఆదిలాబాద్ పీఠభూమి ఈ చలికి తెలుగునాట మొదటి మజిలీ. రాత్రి చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలుల వెంట నీటిలాగే పల్లానికి జారి లోయల్లో నిలిచిపోతుంది. శాస్త్రం దీన్ని పర్వత పవనం అంటుంది. సిర్పూర్-యు, తిర్యాణి మండలంలోని గిన్నెధరి వంటి గోండు పల్లెల ప్రాంతాలు తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతల జాబితాలో తరచూ కనిపించడానికి ఈ లోయల చలి ఒక కారణం. ఈ చలిని అందరూ తిట్టుకోరు. నల్లరేగడిలో నీటితడి లేకుండా వేసిన శనగకు చలీ మంచూ ప్రాణం. చలి పట్టకపోతే ఆ రైతుకే దిగులు.

పత్తి రైతు సంగతి వేరు. గాలి చల్లబడుతూ ఏ ఉష్ణోగ్రత దగ్గర తనలోని తేమను ఇక మోయలేక నీటిబొట్లుగా విడుస్తుందో దాన్ని తుషార స్థానం అంటారు. తెల్లవారుజామున ఆ స్థానం దాటగానే వాహనంలో నింపిన దూదిమీద మంచు దిగుతుంది, దూది దాన్ని పీల్చుకుంటుంది. ఆదిలాబాద్ మార్కెట్ యార్డు బయట బొలెరోలు, ఎడ్లబండ్లు బారులు తీరి ఉండగా, రాత్రంతా బండికిందే గొంగడి కప్పుకొని పడుకున్న రైతు ఎదుటే, ఉదయం తేమ యంత్రపు మొనను దూదిలోకి గుచ్చుతారు. అంకె 8 శాతం దాటితే ఎక్కువైన ప్రతి శాతానికీ మద్దతు ధరలో కోత పడుతుంది. 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. అదే బండిని మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి మళ్లీ గుచ్చితే అంకె దిగుతుంది, కాని అప్పటికి బేరం ప్రైవేటు వ్యాపారి చేతిలో పడి ఉండవచ్చు. చలి ఏ రోజున పెరుగుతుందో వాతావరణ శాఖ నాలుగైదు రోజుల ముందే చెబుతున్నప్పుడు, ఆ రోజుల్లో కొలతను పొద్దెక్కిన తరువాతకు జరపడానికో, బండ్లకు పైకప్పు కల్పించడానికో ఆ సూచనను వాడుకోకపోవడం ప్రకృతి చేసిన అన్యాయం కాదు, కాంటా దగ్గర జరుగుతున్న అన్యాయం.

దిగువన రామగుండం వద్ద నదిమీద మరో చలి కనిపిస్తుంది. సాధారణంగా ఎత్తుకు పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. చలికాలపు నిశ్చలమైన రాత్రుల్లో నేలను ఆనుకొన్న గాలి చల్లగానూ దానిపై పొర వెచ్చగానూ మారే స్థితిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఆ వెచ్చని పొర కుండమీద మూతలా పనిచేసి, కిందివాటిని పైకి పోనివ్వదు. 2600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఎత్తైన గొట్టాల పొగ కొంతవరకు ఈ మూతను దాటిపోగలదు గాని, ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్మూ, బొగ్గు లారీలు రేపే దుమ్మూ, ఇళ్లలో పొయ్యిల పొగా గోదావరిఖని వీధుల్లోనే తెల్లవారేదాకా వేలాడుతాయి. తెలుగులో మంచుతెరకు ‘పొగమంచు’ అని పేరుపెట్టిన పూర్వులు పోలిక కోసమే ‘పొగ’ అన్నారు. ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజమైంది. చూపు కిలోమీటరు లోపు తగ్గితే పొగమంచు అని రాసుకునే సూచన, అందులో పొగ ఎంతో మంచు ఎంతో విడదీసి చెప్పదు.

ప్రాణహిత కలిసే కాళేశ్వరం, 2023 అక్టోబర్ 21న పియర్లు కుంగిన మేడిగడ్డ బ్యారేజీ, రామదాసు గుడి కట్టించిన భద్రాచలం దాటాక నది పాపికొండల ఇరుకులోకి ప్రవేశిస్తుంది. ఇక్కడ నీరు గాలికంటే వెచ్చగా ఉండడంతో తెల్లవారుజామున నదే పొగలు కక్కుతున్నట్టు ఉంటుంది. లాంచీలకు దారి తెలియదు. ఈ లోయల్లోని కొండరెడ్లకు, కోయలకు చలి కొత్త కాదు. తడికెలకు మట్టి మెత్తిన గోడ, గడ్డికప్పు, చేతికందే దూరంలో ఎండుకట్టె, ఇంటిముందు నెగడు వారి చలికాలపు ఏర్పాట్లు. పోలవరం ప్రాజెక్టు కదిలిస్తున్న సుమారు లక్ష కుటుంబాల్లో వీరూ ఉన్నారు. జలాశయపు పూర్తి మట్టం 45.72 మీటర్లు కాగా తొలిదశను 41.15 మీటర్లకు పరిమితం చేయడంతో, ముంపు మండలాల్లో ఒకే ఎత్తును సూచించే గీత ‘కాంటూరు’ పిల్లలకు కూడా తెలిసిన మాట అయింది. గీతకు కింద ఉన్న ఊరికి ముందు పునరావాస ప్యాకేజీ, పైన ఉన్న ఊరికి నిరీక్షణ. 2022 జూలై వరద ఆ గీతను లెక్కచేయకుండా పైన ఉన్న ఊళ్లనూ ముంచింది, జనం కొండలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. చలికి కూడా కాంటూరు పట్టదు. టార్పాలిన్ వానను ఆపుతుంది గాని నేల చలిని ఆపదు. పునరావాస కాలనీకి చేరినవారికి స్లాబు, సిమెంటు గచ్చు దొరికాయి గాని, కట్టెకు అడవి దూరమైంది, నెగడుకు ఇంటికీ వీధికీ మధ్య జాగా ఇరుకైంది.

ఈ మండలాల కనిష్ఠ ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు దిగినా నిర్వచనం ప్రకారం అది శీతల గాలి కాదు, హెచ్చరిక వెలువడదు. ఆ అంకెనే పత్రికలు విహారయాత్రల శీర్షికలో ఆహ్లాదకరమైన వాతావరణంగా అచ్చువేస్తాయి. గండిపోచమ్మ రేవులో లాంచీలు పొద్దు కొండమీదికి వచ్చేదాకా ఆగి, మంచు విచ్చిన తరువాత ఖాళీ అయిన ఊళ్ల పక్కనుంచి పైకి సాగుతాయి.