మూడు చిన్న ముక్కలు

యంత్రం సక్రమంగా నడుస్తున్నంత కాలం దాని లోపల ఏముందో ఎవరికీ పట్టదు. అది ఆగిన రోజుననే దానిలోని భాగాలకు పేర్లుంటాయనీ, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క ప్రయోజనం ఉంటుందనీ మనిషి తెలుసుకుంటాడు. వాహనం తలుపులో దాగి, అద్దాన్ని పైకీ కిందికీ నడిపే చిన్న విద్యుత్ మోటారు ఇందుకు చక్కని నిదర్శనం. మీట నొక్కితే అద్దం లేస్తుంది. మరొక వైపు నొక్కితే దిగుతుంది. ఇంతకు మించి దానిని గురించి ఆలోచించవలసిన అవసరం ఏళ్ల తరబడి రాదు.

పూర్వం కార్ల అద్దాలను చేతితో పిడి తిప్పి దించేవారు. 1940లో అమెరికాలోని ప్యాకార్డ్ సంస్థ తన ఖరీదైన కార్లలో మీట నొక్కితే కదిలే అద్దాలను ప్రవేశపెట్టింది. తొలినాళ్లలో ఆ ఏర్పాటులో ద్రవపీడనం కూడా పాలుపంచుకొనేది. తరువాతి కాలంలో ఒక్కొక్క తలుపులో ఒక్కొక్క విద్యుత్ మోటారును అమర్చే పద్ధతి స్థిరపడింది. ధనికుల కార్లకే పరిమితమైన ఈ సౌకర్యం క్రమంగా పొలాలకూ, పనిస్థలాలకూ తిరిగే పికప్ ట్రక్కులకు కూడా అందింది.

ముందు కూర్చోవడానికి చిన్న గది, వెనుక సరుకు వేసుకోవడానికి పైకప్పు లేని తొట్టి గల వాహనమే పికప్ ట్రక్కు. ఒకనాటి తెలుగు పల్లెలో ఎడ్లబండికి ఎంతటి స్థానముండేదో, అమెరికా గ్రామీణ జీవితంలో ఈ ట్రక్కుకు అంతటి స్థానముంది. 1980, 1990 దశకాలలో తయారైన ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కులు నేటికీ అక్కడి రహదారులపై కనిపిస్తాయి. వాటిలో చాలా బండ్లకు ఇంజను గట్టిగానే ఉంటుంది. కాని ఒకనాడు దించిన అద్దం మరల పైకి రాదు. ఆరుబయట వానలోనూ, మంచులోనూ నిలిచే బండికి ఒక్క అద్దం మూతపడకపోతే సీటు తడుస్తుంది. లోపల ఉంచిన పనిముట్లకు భద్రత పోతుంది. బండిని అమ్మివేద్దామన్న ఆలోచన అనేక సందర్భాలలో ఇటువంటి చిన్న లోపంతోనే మొదలవుతుంది.

ఈ మరమ్మతులో మొదటి పనిముట్టు చెవి. మీట నొక్కినప్పుడు ఏ శబ్దమూ రాకపోతే దోషం ఫ్యూజులోనో, మీటలోనో, తలుపు తెరచి మూసినప్పుడల్లా వంగి వంగి తెగిన తీగలోనో ఉండవచ్చు. మోటారే కాలిపోయి ఉండవచ్చు కూడా. శబ్దం మందంగా వస్తూ అద్దం బరువుగా కదిలితే, మోటారు నీరసించిందో, అద్దం జారే రబ్బరు గాడి ఎండి బిగుసుకుపోయిందో చూడాలి. మోటారు గిర్రున తిరుగుతున్న శబ్దం స్పష్టంగా వినబడుతూ అద్దం మాత్రం కదలకపోతే, మోటారుకు ప్రాణముందన్న మాట. దాని శక్తి అద్దాన్ని చేరే దారిలో ఎక్కడో లంకె తెగింది. ఈ తేడాను గుర్తించని యజమాని బాగున్న మోటారును పారవేసి కొత్తదానిని కొంటాడు.

ఆ లంకె స్వరూపాన్ని తెలుసుకోవడం కష్టం కాదు. మోటారు ఇరుసు చివర మర వంటి గాట్లు ఉంటాయి. అవి ఒక పళ్లచక్రాన్ని మెల్లగా, బలంగా తిప్పుతాయి. మర చక్రాన్ని తిప్పగలదు గాని, చక్రం మరను తిప్పలేదు. అందువలననే మీట వదలగానే అద్దం ఎక్కడిదక్కడ నిలుస్తుంది. పైనుండి చేతితో నొక్కినా దిగదు. ఆ చక్రం కదలిక రెగ్యులేటర్ అనే ఇనుప చేతులకు చేరి అద్దాన్ని ఎత్తుతుంది. అయితే ఆ పాత ఫోర్డ్ ట్రక్కులలో పళ్లచక్రమూ, దాని నడిమి ఇరుసూ ఒకదానికొకటి నేరుగా తగలవు. వాటి మధ్య మూడు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఇమిడి ఉంటాయి. అద్దం పైకి చేరి ఠక్కున ఆగినప్పుడు కలిగే అదురును అవి తమలో ఇముడ్చుకొంటాయి. ఇరవై, ముప్పై ఏళ్ల ఎండవేడికీ, ఒత్తిడికీ అవి పెళుసుబారి పొడిపొడి అవుతాయి. అప్పుడు చక్రం తిరుగుతుంది గాని ఇరుసు కదలదు.

తెలుగువారి వంటింటిలోనూ ఇటువంటి అమరికే ఉంది. మిక్సీ జారు అడుగున, మోటారుకూ బ్లేడుకూ నడుమ ఉండే కప్లర్ చేసే పని ఇదే. జారు బిగుసుకుపోయినప్పుడు ముందుగా కప్లర్ పళ్లు అరుగుతాయి. మోటారు హోరెత్తుతుంది, పచ్చడి మాత్రం నలగదు. వీధి చివర రిపేరు దుకాణంలో కప్లర్ మార్పించుకొన్న గృహిణికి, ఆ ట్రక్కు తలుపులోని రహస్యాన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

ఇక తలుపు విప్పే పని. ముందుగా బ్యాటరీ తీగను వేరుచేయాలి. అద్దం జారి పడకుండా ఆధారమివ్వాలి. డోర్ ప్యాడ్ మరలు విప్పి, దాని వెనుకనున్న ప్లాస్టిక్ పొరను చిరగకుండా తొలగిస్తే లోపలి రేకు కనిపిస్తుంది. మోటారును పట్టి ఉంచే బోల్టులలో కొన్ని ఆ రేకు వెనుక మరుగున ఉంటాయి. వాటిని అందుకోవడానికి ఎక్కడ రంధ్రం చేయాలో తెలిపే చిన్న గుంటలు రేకు మీదనే ఉండటం విశేషం. ఏనాటికైనా ఎవరో ఒకరు ఈ తలుపు విప్పుతారని తయారీదారు ముందే ఊహించాడనడానికి అదే గుర్తు. డ్రిల్లు అవసరానికి మించి లోపలికి దిగకుండా చూసుకోవాలి.

అసలు ప్రమాదం దీని తరువాత ఉంది. అద్దం బరువును తేలిక చేయడానికి రెగ్యులేటర్‌లో ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. మోటారు స్థానంలో ఉన్నంతవరకే అది అదుపులో ఉంటుంది. రెగ్యులేటర్ చేతులను క్లాంపుతో గట్టిగా బిగించకుండా మోటారు విప్పితే, ఆ చేతులు ఒక్కసారిగా విసురుగా తిరిగి వేళ్లను నలగగొట్టగలవు. కనుక తొందరపాటుకు ఇక్కడ చోటు లేదు.

మోటారు బయటకు వచ్చిన తరువాత పళ్లచక్రం మూత తీస్తే, గట్టిపడిన గ్రీజులో కలిసిపోయిన ప్లాస్టిక్ పొడి బయటపడుతుంది. దానిని శుభ్రంగా తుడిచి, కొత్త ముక్కలు మూడింటిని వాటి గళ్లలో కూర్చి, కొత్త గ్రీజు పూసి మూత బిగించాలి. ఆ ముక్కల ఖరీదు కొత్త మోటారు ధరలో స్వల్ప భాగం మాత్రమే.

ఇక్కడ చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. ప్లాస్టిక్ విరిగింది కనుక దానికి బదులు ఇనుప నట్టులను కూర్చితే శాశ్వతంగా ఉంటాయి కదా అని. అలా చేసినవారు ఉన్నారు. అద్దం వెంటనే కదులుతుంది కూడా. కాని అంతవరకు ఆ ముక్కలు భరించిన అదురు ఇప్పుడు చక్రం పళ్ల మీద, మోటారు మీద పడుతుంది. చౌకగా దొరికే ముక్క గట్టిపడటంతో ఖరీదైన భాగం విరిగే స్థితి వస్తుంది. మెత్తని ముక్కను అక్కడ ఉంచినది లోభంతో కాదు, ఆలోచనతో. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని దాని స్థానంలో లావుపాటి తీగ చుట్టడం ఎటువంటి తెలివో, ఇదీ అటువంటి తెలివే.

అయినా ముక్కలు మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు. అవి నలగడానికి కారణమేమిటని అడగాలి. అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము పేరుకొని, తడి ఆరి, అద్దాన్ని పట్టివేస్తూ ఉంటే మోటారు ప్రతిసారీ పెనుగులాడుతుంది. గాడిని శుభ్రపరచి, సిలికాన్ తైలం తగుమాత్రం చల్లి, చేతితో కదిపినప్పుడు అద్దం సాఫీగా జారుతున్నదో లేదో చూడాలి. అలా చూడని మరమ్మతు కొద్దికాలానికే మరల అదే తలుపు విప్పిస్తుంది.

నేటి వాహనాలలో అద్దం మోటారుకు ఎలక్ట్రానిక్ నియంత్రణ తోడయింది. కొన్నింటిలో మోటారు మార్చిన తరువాత అద్దం ఎక్కడ ఆగాలో దానికి కొత్తగా నేర్పవలసి ఉంటుంది. స్పానరుతో పాటు సమాచారం కూడా చేతిలో ఉంటేనే ఇప్పుడు పని సాగుతుంది. అందుకే మరమ్మతు హక్కు అనే మాట బలపడింది. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లు, వాహనాల మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్కులకు కూడా అందించాలన్న చట్టాన్ని ఆమోదించారు. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించింది.

చట్టం తలుపు తెరవగలదు. లోపలికి చూసే ఓర్పును మాత్రం మనిషే తెచ్చుకోవాలి. విరిగిన ముక్కను నిందించడానికి ముందు, అది ఇంతకాలం దేనిని కాపాడుతూ వచ్చిందని అడిగేవాడే మంచి పనివాడు. అటువంటివాడు డోర్ ప్యాడ్ తిరిగి బిగించే ముందు మీటను పలుమార్లు నొక్కి, అద్దాన్ని పైకీ కిందికీ నడిపించి, మోటారు శబ్దాన్ని మరొకసారి శ్రద్ధగా వింటాడు.