సైజు మనది కాకపోతే: బొంతపల్లి రూమ్ నుంచి ఒక సైకిల్ ముచ్చట

  

ఈ నెలలో ముగ్గురు తమ్ముళ్ళు మాకు ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, కంపెనీల జాయిన్ అయినం. గేర్ సైకిల్ తీస్కుందామనుకుంటున్నం. ఏ కంపెనీది మంచిగుంటది?" ఒక్కరు కూడా "నాకు ఏ సైజు సరిపోతది" అని అడగలేదు. రెండేళ్ళ కింద మేమూ అడగలేదు. అడగనందుకు మాలో ఒకడి చెయ్యి విరిగింది, పని పోయింది. అందుకే ఇది కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. ఓపిక చేసుకొని చదవండి.

మేము నలుగురం, బొంతపల్లిలో ఒకటే రూమ్. ఒకడిది దేవరకొండ దిక్కు తండా. ఇంకొకడిది నర్సాపూర్ అడవి దాటినాక వచ్చే తండా. ఒకడు ఉట్నూరు గోండు, ఒకడు ఇల్లందు దిక్కు కోయ. హాస్టల్‌లో కలిశాం, బీఎస్సీ అయినాక కలిసే ఇక్కడికి వచ్చాం. మందుల కంపెనీల్లో కాంట్రాక్టు పని. ఏ షిఫ్టు పొద్దున ఆరింటికి, బి షిఫ్టు రెండింటికి, సి షిఫ్టు రాత్రి పదింటికి. పర్మనెంట్ వాళ్ళకు బస్సు ఉంటది. మాకు షేర్ ఆటో, లేకుంటే నడక. బి షిఫ్టు విడిచినాక ఆటో దొరకదు. బైక్ కొందామంటే నెల నెలా ఈఎంఐ. ఇంటికి పంపే పైసలల్ల నుంచే అది కట్టాలి. అందుకే సైకిల్ అనుకున్నాం.

మామూలు సైకిల్ ఎందుకు వద్దనుకున్నామంటే, ఇక్కడి రోడ్లు చూసినవాళ్ళకు తెలుసు. ట్యాంకర్లు, లారీలు వచ్చినప్పుడు సైకిల్ వాడు రోడ్డు దిగాల్సిందే. దిగితే కంకర, గుంతలు, వానాకాలం బురద. అందుకే లావు టైర్లు, ముందు షాకప్ ఉన్న మౌంటెన్ సైకిల్. ఇందులో ముందు మాత్రమే షాకప్ ఉండి, వెనక గట్టి ఫ్రేము ఉంటే దాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. వెనక కూడా షాకప్ ఉన్నవి మంచివైతే మన ధరకు అందవు. అందే ధరలో దొరికేవి బరువు, తొక్కితే బలమంతా ఆ స్ప్రింగే తింటది. కాబట్టి మనలాంటి వాళ్ళకు హార్డ్‌టెయిలే సరి. ఇంతవరకు మేం తప్పు చేయలేదు.

నలుగురం కలిసి 14,500 జమ చేశాం. కొట్టుకు ఇద్దరం వెళ్ళాం. అందులో ఒకడు మాలో అందరికన్నా ఎత్తు, 176 సెంటీమీటర్లు. కొట్టాయన 29 ఇంచుల చక్రం, 19 ఇంచుల ఫ్రేము ఉన్నది చూపించి, "పెద్దది తీస్కోండి, అందరికీ పనికొస్తది" అన్నాడు. మావాడు ఎక్కి చూశాడు, బ్రహ్మాండంగా ఉందన్నాడు. అదే ధరకు పెద్ద సైకిల్ వస్తుంటే చిన్నది ఎవరు తీసుకుంటారు? అట్ల తెచ్చేశాం.

రూమ్‌కి వచ్చినాక దేవరకొండ తమ్ముడు ఎక్కాడు. వాడి ఎత్తు 158. సీటు కిందికంటా దించినా వేలి కొసలే ఆనుతున్నాయి. "నాకు పెద్దగుంది భియా" అన్నాడు. మేము ముగ్గురం ఒక్కసారే అన్నాం: "అలవాటైతది తియ్."

ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. ఎందుకంటే అది మా మాట కాదు, మేము చిన్నప్పటి నుంచి విన్న మాట. హాస్టల్‌లో యూనిఫాం ఇచ్చేటప్పుడు మనల్ని ఎవరైనా కొలిచారా? భుజాలు జారే చొక్కా, తాడు కట్టుకునే నిక్కరు. "పెరిగే పిల్లలు, అలవాటైతది" అనేవాళ్ళు. బూట్లు పెద్దవైతే ముందు పేపర్ కుక్కుకున్నాం, చిన్నవైతే మడమ తొక్కి నడిచాం. సైకిల్ నేర్చుకున్నది కూడా అట్లనే కదా. బాపు 22 ఇంచుల ఫ్రేము సైకిల్, సీటు అందదు, అడ్డ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి వంకరగా తొక్కాం. మన ఒళ్ళే వస్తువుకు తగ్గట్టు వంగాలి, వస్తువు మనకు తగ్గట్టు ఉండదు అనేది మనకు తెలియకుండానే అలవాటైపోయింది. దాన్నే మేము మా తమ్ముడికి చెప్పాం.

మూడో నెల. బి షిఫ్టు అయిపోయి వాడు రాత్రి వస్తున్నాడు. మలుపులో ట్యాంకర్ సడన్‌గా పక్కకు కోసింది. వాడు బ్రేకు పట్టాడు, సైకిల్ ఆగింది. కాలు కింద పెట్టబోతే నేల అందలేదు. కడ్డీ మీద పడి, అక్కడి నుంచి ఎడమకు కూలాడు. మణికట్టు విరిగింది. ట్యాంకర్ తగలలేదు, అదే అదృష్టం. ఆరు వారాలు కట్టు. కాంట్రాక్టు వాళ్ళకు పని లేని రోజు కూలి లేదు. తిరిగి వెళ్ళేసరికి వాడి జాగలో వేరే మనిషి ఉన్నాడు. ఇంట్లో చెల్లె ఇంటర్ చదువుతోంది. ఆ రెండు నెలలు దాని ఖర్చు మేము ముగ్గురం పంచుకున్నాం. దాన్ని సాయం అనము. అది మా తప్పుకు మేము కట్టింది.

వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ముందు ఆ సైకిల్‌నే సరిచేద్దామని చూశాం. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ పొట్టిది వేయించాం. దానితో చేతులు కొంచెం దగ్గరైనాయి. కానీ అడ్డ కడ్డీ ఎత్తు ఎట్ల తగ్గుతది? సీటు దించొచ్చు, జరపొచ్చు, స్టెమ్ మార్చొచ్చు. ఫ్రేము మాత్రం ఫ్రేమే. పెద్ద ఫ్రేమును ఏ సామానుతోనూ చిన్నది చేయలేం. ఈ ఒక్క ముక్క ముందు తెలిస్తే చాలు.

అప్పుడు కూర్చొని కొలతలు నేర్చుకున్నాం. మీరూ ఇట్ల చేయండి.

చెప్పులు విప్పి గోడకు ఆని నిలబడండి. పాదాల మధ్య జానెడు ఎడం. గట్టి అట్ట నోట్‌బుక్‌ను రెండు కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుతదో అంత పైకి లాగండి. నోట్‌బుక్ పై అంచు గోడకు తాకిన చోట గీత పెట్టి, నేల నుంచి టేపుతో కొలవండి. అదే మీ కాలి లోపలి కొలత. ఒకే ఎత్తున్న ఇద్దరికి ఇది ఒకటే ఉండదు, అందుకే ఎత్తు ఒక్కటే చూసి కొనొద్దు.

మా నలుగురి లెక్క: 158 ఎత్తు వాడికి 72 సెంటీమీటర్లు, 164 వాడికి 75, 168 వాడికి 77, 176 వాడికి 81. తర్వాత ఆ సైకిల్ అడ్డ కడ్డీ ఎత్తు కొలిచాం. 77. మట్టి రోడ్డు మీద తొక్కే సైకిల్‌కు కడ్డీ మీద కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలంటారు. మా ఎత్తైనవాడికే 4 ఉంది. దేవరకొండ తమ్ముడికి ఖాళీ సంగతి దేవుడెరుగు, కడ్డీయే 5 సెంటీమీటర్లు పైన ఉంది. ఒక టేపు, ఒక నోట్‌బుక్, పది నిమిషాలు. అంతే పని. మేము చేయలేదు.

రెండోది చేతుల దూరం. సీటు మీద కూర్చొని హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం మడిచి ఉండాలి. చేతులు చాచి బిర్రుగా ఉంటే సైకిల్ పొడుగు ఎక్కువ, మెడ, నడుము గుంజుతాయి. మోకాలు హ్యాండిల్‌కు తగులుతుంటే చిన్నదైంది.

మూడోది సీటు ఎత్తు. కాలి కొలతను 0.883తో గుణిస్తే వచ్చేది, పెడల్ క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తుకు దగ్గరగా ఉంటది. 72కు దాదాపు 63 న్నర. అక్కడి నుంచి కొంచెం అటూ ఇటూ మీరే చూసుకోండి. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటది, అది బయటికి కనబడేంత లేపొద్దు, గొట్టం విరుగుతది. ఇంకో మాట, సీటు సరైన ఎత్తులో ఉంటే కూర్చున్నప్పుడు పాదం మొత్తం నేలకు ఆనదు. అది తప్పు కాదు. ఆగినప్పుడు సీటు ముందుకు దిగి నిలబడాలి. అప్పుడే కడ్డీ మీద ఆ 5 సెంటీమీటర్ల ఖాళీ పని చేస్తది.

చక్రం గురించి. 29 చక్రం గుంతల మీద సులువుగా దొర్లుతది. కానీ పొట్టివాళ్ళకు 27.5 లేదా 26 మేలు, సైకిల్ చేతిలో ఉంటది. ఎస్, ఎం, ఎల్ అన్న అక్షరాలు నమ్మొద్దు. ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎల్ లాగ ఉంటది. టేపు తీసుకుపోండి. కొట్టాయన నవ్వినా సరే.

పెద్ద సైకిల్‌ను 9,000కు అమ్మేశాం. ఇంకొన్ని పైసలు వేసుకొని పాతవి రెండు కొన్నాం. ఒకటి చిన్న ఫ్రేము, కడ్డీ ఎత్తు 67. ఇంకొకటి మధ్యది, 72. చిన్నది ఇద్దరికి, మధ్యది ఇద్దరికి. షిఫ్టులు వేరు కాబట్టి సరిపోతున్నాయి.

ఇక సామాన్లు మార్చే సంగతి. ఇక్కడ కూడా పైసలు ఊరికే పోగొట్టొద్దు. ఈ మౌంటెన్ సైకిల్ పుట్టిన ముచ్చట మాకు నచ్చింది. 1970లలో అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ అనే చోట కొందరు కుర్రాళ్ళు 1930, 40ల నాటి పాత లావు టైర్ల సైకిళ్ళను గుట్ట మీద నుంచి దింపేవాళ్ళు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాటిది. ఒక్కసారి దిగేసరికి హబ్ వేడెక్కి లోపలి గ్రీజు మాడిపోయేది, మళ్ళీ గ్రీజు నింపాలి. అందుకే 1976లో మొదలైన వాళ్ళ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. ఏది చెడిపోతే దాన్నే బాగుచేస్తూ పోయారు. 1977లో జో బ్రీజ్ ఆ పనికోసమే ఫ్రేములు కట్టాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది ఒలింపిక్ ఆట అయింది. మాకు అర్థమైంది ఏందంటే, ఏం మార్చాలో మీరు తొక్కే రోడ్డే చెప్తది.

మా రోడ్డు చెప్పిన వరుస ఇది.

మొదట లైట్లు. ముందు తెల్లది, వెనక ఎర్రది, దానితోపాటు రిఫ్లెక్టర్లు. రాత్రి షిఫ్టు వాడికి ఇది సోకు కాదు, ప్రాణం. రెండు మడ్‌గార్డులు. ఇక్కడి బురద యూనిఫాం మీద పడితే గేటు దగ్గర మాట పడాలి.

తర్వాత టైర్లు, గాలి. పంచర్ కొట్లో కంప్రెసర్ పెట్టి 60 దాకా కొడతారు. టైరు రాయిలాగ అవుతది, కంకర మీద జారుతది. 60 కిలోల మనిషికి, 2.1 ఇంచుల టైరుకు మేము ముందు 30, వెనక 33 పెడుతున్నాం. టైరు పక్కన రాసిన హద్దులు చూసుకోండి. మరీ తక్కువైతే రిమ్ముకు, గుంతకు మధ్య నలిగి ట్యూబుకు పక్కపక్కన రెండు బొక్కలు పడతాయి. సర్కారు తుమ్మ ముళ్ళకు ట్యూబులో సీలెంట్ పోయించాం. వారానికి రెండు పంచర్లు అయ్యేవి, ఇప్పుడు నెలకు ఒకటి కూడా లేదు.

తర్వాత బ్రేకు ప్యాడ్లు, కేబుళ్ళు. రోడ్డు మీద ఆయిల్ డిస్కుకు అంటితే బ్రేకు పట్టదు. చైన్‌కు నూనె వేసేటప్పుడు డిస్కు మీద బట్ట కప్పండి. తర్వాత జారని పెడళ్ళు, మంచి గ్రిప్పులు. చైన్‌ను స్కేలుతో కొలవండి. పన్నెండు జతల లింకులు సరిగ్గా 12 ఇంచులు ఉండాలి. ఇంచులో 16వ వంతు సాగితే చైన్ మార్చండి. 8వ వంతు దాకా ఆగితే ఫ్రీవీల్ పళ్ళు కూడా అరిగిపోతాయి, ఖర్చు రెండింతలు.

షాకప్ మార్చాలని మాకూ మోజు పుట్టింది. ఆగిపోయాం. 80 మిల్లీమీటర్ల షాకప్ తీసి 120 వేస్తే సైకిల్ ముందు భాగం లేస్తది, కడ్డీ కూడా లేస్తది, మళ్ళీ సైజు కథ మొదటికి వస్తది. పైగా ఫ్రేము తల గొట్టంలో అది పట్టాలి కదా. గేర్లు కూడా అంతే. 7 గేర్ల సైకిళ్ళలో ఎక్కువగా మర బిగించే ఫ్రీవీల్ ఉంటది, 11 గేర్ల క్యాసెట్ దాని మీద కూర్చోదు, వెనక హబ్బే మార్చాలి. సైకిల్ ధరలో సగం సామాన్లకు పెట్టేటట్టుంటే, ఆ పైసలు కలిపి ముందే కొంచెం మంచి సైకిల్ తీసుకోవడం నయం.

2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక పాయ ఉంటది. మేము ఒక ఆదివారం పోయి తొక్కాం, బాగుంది. వాళ్ళు తొక్కేది ఆరోగ్యానికి. మనం తొక్కేది డ్యూటీకి. కానీ అక్కడ చూసింది ఒకటి చెప్పాలి. అక్కడ ప్రతి ఒక్కరి సైకిల్ వాళ్ళ ఒంటికి సరిగ్గా ఉంది. ఎవరూ వేలి కొసల మీద ఊగడం లేదు.

పోయిన పండక్కి గుమ్మడిదల మీదుగా నర్సాపూర్ అడవి దాటి మావాడి తండాకు రెండు సైకిళ్ళూ వేసుకొని పోయాం. వాడి యాడి రొట్టెలు చేసింది. బాపు చిన్న సైకిల్‌ను చుట్టూ తిరిగి చూసి, ఎక్కి, తండా చివరిదాకా పోయొచ్చాడు. దిగి, "దీనికి ఒంగనక్కర్లేదు" అన్నాడు. ఇంకేం అనలేదు.

దేవరకొండ తమ్ముడికి ఇంకో కంపెనీలో పని దొరికింది. చలికాలం మణికట్టు ఇంకా నొస్తదంటాడు. వాడి చెల్లె ఈ ఏడు డిగ్రీలో చేరింది, రూమ్ నుంచి కాలేజీ దూరం, సైకిల్ కావాలంది. ఈసారి కొట్టుకు ముందు ఫోన్‌లో నోట్‌బుక్, గోడ, టేపు అన్నీ చెప్పాం. 70 అని కొలిచి పంపింది. "ఒక సైజు పెద్దదైనా పర్వాలేదు అన్నా, అలవాటు చేసుకుంటా" అంది. దేవరకొండ తమ్ముడు ఫోన్ గుంజుకొని, "వద్దు. నీ సైజే తీస్కుందాం" అన్నాడు.

మీలో ఎవరైనా కొనేది ఉంటే ఆదివారం బొంతపల్లి రండి. టేపు మా దగ్గర ఉంది. రెండు సైజులూ ఎక్కి చూసి, అప్పుడు కొట్టుకు పోండి.