ఒడిలోని బిడ్డ

మేము పాఠశాలయందు తెలుగును సంస్కృతమును బోధించువారము. ఒక సంవత్సరము భౌతికశాస్త్రోపాధ్యాయుడు దీర్ఘకాలము సెలవుపై నుండుటచే, ఆంగ్లము చదివినవారమను నెపమున తొమ్మిదవ తరగతి భౌతికపాఠములు మాకే యప్పగింపబడెను. వానిలో ద్రవ్యవేగపు పాఠము మాకు మిక్కిలి రుచించెను. వస్తువు ద్రవ్యరాశిని దాని వేగముచే గుణించిన వచ్చునది ద్రవ్యవేగము. క్యారమ్సు బల్లను తరగతికి దెప్పించి, స్ట్రైకరు తగిలి కాయ కదలుటయు స్ట్రైకరు మందగించుటయు జూపి, ఒకటి పోగొట్టుకొన్నదానినే రెండవది పొందినదని చెప్పితిమి.

తర్కసంగ్రహమున సంస్కారము వేగము, భావన, స్థితిస్థాపకము అని మూడు విధములుగా చెప్పబడినదని చెప్పుటకును మాకు సందు దొరకెను. అంతమాత్రమున న్యూటను చెప్పినదంతయు మనవారు మునుపే చెప్పిరని వాదించువారితో మేము కలియము. తూచుటయు కొలుచుటయు నందు లేవు. కొలువక చెప్పుటలో పాశ్చాత్యులును తక్కువ తినలేదు. డేకార్టు వంటి మేధావి 1644లో ప్రకటించిన గ్రంథమున, నిశ్చలముగా నున్న పెద్దవస్తువును చిన్నవస్తువు ఎంత వేగముతో తాకినను కదల్పజాలదని వ్రాసెను. కాయ తగిలి స్ట్రైకరు కదలుట నెరిగిన ఏ పిల్లవాడైనను దీనిని ఖండింపగలడు. 1668, 1669 సంవత్సరములలో వాలిసు, రెన్ను, హైగెన్సు అను మువ్వురు లండను రాయల్ సొసైటీకి సరియైన అభిఘాతనియమములను వ్రాసి పంపిరి. పెద్దలు చెప్పినదైనను కొలిచి చూడక నమ్మరాదని ఆనాడు పిల్లలకు గట్టిగా బోధించితిమి.

ఆ నెలలోనే ఒక పెండ్లికి మా తమ్ముని పాతకారులో బయలుదేరితిమి. ముందుసీటున మేము, మా యొడిలో మూడేండ్ల మా చిన్నకుమార్తె. సీటుబెల్టు తొడుగు క్రింద నడగియుండెను. దానిని పైకి తీయవలెనని మాకు దోచనే లేదు. కారు ముందు నిమ్మకాయయు మిరపకాయలును మాత్రము శ్రద్ధతో గట్టబడియుండెను. వెనుకనుండి మా తల్లిగారు, "నాయనా, పిల్లను గట్టిగా పట్టుకో" అనిరి. "పట్టుకొనే ఉన్నానమ్మా" అంటిమి.

ఒక మలుపున దీపములేని గడ్డిట్రాక్టరు నిలిచియుండెను. తమ్ముడు బ్రేకు నదిమెను; కారు చాలవరకు మందగించియు ట్రాలీకి తగిలెను. బిడ్డ మా చేతులలోనుండి ఎప్పుడు జారినదో మేమెరుగము. దాని నుదురు డ్యాష్‌బోర్డునకు గొట్టుకొనెను. మేము దానిపై బడితిమి. భుజము దగ్గరి యెముక విరిగెను. నుదుట 5 కుట్లు పడెను.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుండి, తరగతిలో పరులకు జేసి చూపిన లెక్కను మాకొరకు జేసికొంటిమి. తాకునప్పటి కారు వేగము పరుగెత్తు మనుష్యుని వేగమే. సెకనుకు 5 మీటర్లనుకొందము. బిడ్డ 12 కిలోలు. ద్రవ్యవేగము 60. అది సెకనులో 10వ వంతున అణగిపోయినదన్నచో, కావలసిన బలము 600 న్యూటనులు. అనగా 60 కిలోల బియ్యపుమూట హెచ్చరిక లేకుండ చేతులలో బడుట. గంటకు 50 కిలోమీటర్ల వేగమైనచో ఆ మూట 170 కిలోలు. ఇది బిడ్డ లెక్క మాత్రమే. మా దేహము 65 కిలోలు. బెల్టు లేక అదియు ముందునకే పోవుచుండెను. దాని ద్రవ్యవేగము 325. మా యొడి బిడ్డకు రక్ష యనుకొంటిమి గదా! ఆ క్షణమున బిడ్డకును డ్యాష్‌బోర్డునకును నడుమ మేము లేము. మాకును డ్యాష్‌బోర్డునకును నడుమ బిడ్డ యుండెను.

ద్రవ్యవేగమును పోగొట్టుకొనక తప్పదు. ఎంత కాలములో పోగొట్టుకొందుమన్నదే మన చేతనున్నది. చెట్టునుండి పడు మామిడికాయను పట్టువాడు చేతులను దానితోపాటు క్రిందికి దింపుట యందులకే. 1959లో వోల్వో కార్లలో ప్రవేశించిన, నీల్సు బోలిను కల్పించిన మూడుకొసల బెల్టు చేయునదియు నదియే. కారు ముందుభాగము నలుగునంత కాలమును అది దేహమునకు దక్కించి, బలమును రొమ్ముటెముకలకును తుంటి యెముకలకును పంచును. పసిబిడ్డకు పెద్దల బెల్టు చాలదు. తగిన సీటు వేరుగా గలదు. 14 ఏండ్లలోపు పిల్లలను బెల్టుతోనో అట్టి సీటుతోనో బంధింపనిచో 1000 రూపాయల జరిమానా యని 2019 నాటి మోటారు వాహనముల సవరణచట్టము విధించినది. మాకెవరును జరిమానా వేయలేదు.

నెల తరువాత పిల్లలసీటొకటి కొని తమ్ముని కారులో నమర్చితిమి. "పసిదానిని కట్టివేసెదరా? మా రోజులలో నిట్టివి కలవా?" అని మా తల్లిగారు కోపించిరి. మేము లెక్క చెప్పబోగా మా భార్య వారించి, బిడ్డ ముంగురులను తొలగించి మచ్చను జూపెను. అత్తగారు మఱి మాటాడలేదు. ఇప్పుడు బెల్టు బిగించువారు వారే. ఇతరులు బిగించిన వారికి నమ్మకము చాలదు. నిమ్మకాయను మాత్రము మానలేదు. ఆ విషయమున మాకును వారికిని ఇంకను ఒడంబడిక కుదురలేదు.