సరంగు ఆగమంటే

అమలాపురం నుండి ముమ్మిడివరం మీదుగా యానాం వెళ్ళేవారు ఎదుర్లంక దగ్గర గౌతమి దాటాలి. పూర్వం అక్కడ రేవు దాటడం ఒక పెద్ద పని. ఇప్పుడు పొడవైన వారధి ఉన్నది. దానికి జి.ఎం.సి. బాలయోగి గారి పేరు పెట్టారు. ఆయన పుట్టినది ఆ ఎదుర్లంకలోనే. అమలాపురం నుండి పార్లమెంటుకు వెళ్ళి, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న భీమవరం నుండి హెలికాప్టరులో హైదరాబాదు బయలుదేరి, కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలి చనిపోయారు. పైలట్, అంగరక్షకుడు కూడా ఆయనతోపాటే పోయారు. చూపు ఆనక, దిగబోతుండగా జరిగిందన్నారు. ఆ రోజు ఆదివారము. కోనసీమలో ఎంతోమంది ఆ కబురు గుడి గుమ్మంలోనే విన్నారు.

“ఇంకొక గంట ఆగి బయలుదేరి ఉంటే!” ఆనాడు ఈ మాట అననివారు లేరు. జరిగిపోయిన తరువాత ఆ మాట అందరమూ అంటాము. జరగకముందు అన్నవాడిని మాత్రం పిరికివాడని అంటాము, పని రానివాడని అంటాము.

మన కోనసీమవారికి ఈ సంగతి కొత్తది కాదు. ఒక ప్రక్క గౌతమి, ఒక ప్రక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రము. వారధులు వచ్చేదాకా పెండ్లికైనా, పురిటికైనా, కోర్టు వాయిదాకైనా పడవ ఎక్కవలసిందే. సువార్త కూడా ఈ డెల్టాలో పడవల మీద తిరిగింది. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పరిచర్య చేసినప్పుడు వారికి కూడా కాలువలే దారులు. తరతరాలుగా మన ప్రాణాలు సరంగు చేతిలో పెట్టి దాటాము. అతని పేరు అడిగినవారు ఎందరు?

ఒకసారి సఖినేటిపల్లి రేవులో మేము కొందరము సభకని నర్సాపురం వెళ్ళడానికి పంటు ఎక్కాము. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, పిల్లాపాపలతో పంటు నిండిపోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. మూడోసారి అందుకున్నది. అందరమూ హమ్మయ్య అనుకున్నాము. సరంగు మాత్రం దాన్ని ఆపివేసి, “దిగండి బాబూ, కొంచెం సేపు పడుతుంది” అన్నాడు.

అంతే, తిట్లు మొదలయ్యాయి. “తిరుగుతూనే ఉంది కదయ్యా!” అని ఒకరు. “ముహూర్తం దాటిపోతే నువ్విస్తావా?” అని ఇంకొకరు. సభకు వెళ్ళే మా వాళ్ళు కూడా తక్కువేమీ అనలేదు. అతడు తల ఎత్తకుండా, “ఇక్కడ తిరుగుతోందండి, నడి ఏట్లో ఆగితే ఆటు మనల్ని సముద్రం వైపు లాగుతుంది” అని తన పని చేసుకున్నాడు. గంటన్నర పట్టింది. మేము వెళ్ళేసరికి మొదటి ప్రసంగము అయిపోయింది.

ఇప్పుడు మన ఊళ్ళ నుండి పడవ దాటేవారు తగ్గారు గాని విమానం ఎక్కేవారు పెరిగారు. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుండి ఎంతమంది అక్కచెల్లెళ్ళు, తమ్ముళ్ళు కువైట్, దుబాయి, మస్కట్ వెళ్ళి కష్టపడుతున్నారో ప్రతి సంఘానికీ తెలుసు. రెండేళ్ళకొకసారి దొరికే సెలవు వారిది. తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని బయలుదేరిన బిడ్డకు, విమానంలో కూర్చున్నాక “సాంకేతిక కారణము వల్ల ఆలస్యము” అని మైకులో వినిపిస్తే కడుపు రగలదా? రగులుతుంది. ఆ కన్నీటిని తేలికగా తీసివేయలేము.

అయితే లోపల ఏమి జరుగుతుందో తెలిస్తే మంచిది. ప్రతి ప్రయాణానికి ముందు పైలట్లలో ఒకరు విమానం చుట్టూ నడచి చూస్తారు. టైర్లు, ఇంజను రెక్కలు, ఎక్కడైనా నూనె కారుతున్నదా అని. అంతకు ముందు ప్రయాణాలలో కనబడిన లోపాలన్నీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంటాయి. బాగుచేసిన ఇంజనీరు సంతకం ఉండాలి. ఏ లోపముతో ఎగరవచ్చు, ఏ లోపముతో ఎగరకూడదు అనే జాబితా కూడా ఉన్నది. అన్నీ సరిగా ఉన్నా, పైలట్ మనసు ఒప్పకపోతే ఆపవచ్చు. విమానంలో అతని మాటే చివరి మాట అని ప్రపంచమంతటా నియమము. కంపెనీకి నష్టము, ప్రయాణికులకు కోపము. అతడు తప్పించిన ప్రమాదము ఎవరికీ కనబడదు, కాబట్టి మెచ్చుకొనేవారు ఉండరు.

ఆగవలసిన చోట ఆగకపోతే ఏమవుతుందో మాత్రం అందరికీ కనబడుతుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో కూలినప్పుడు, ఎదుట మబ్బు ఉన్నా ముందుకే సాగారనీ, పైలట్ల ధ్యాస ఒక ఆయిల్ ప్రెజరు హెచ్చరిక మీద చాలాసేపు నిలిచిపోయిందనీ విచారణలో తేలింది. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర బడి నుండి ఇంటికి వెళ్ళే పిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి గుద్దుకొని బోల్తాపడింది. మరుసటి ఏడు సెప్టెంబరులో వరద గోదావరి మీద పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. 26 మంది మాత్రమే బయటపడ్డారు. ఆ ఒడ్లలో ఎవరైనా “ఈ రోజు వద్దు” అని ఉంటే, మనమే వారిని తిట్టి ఉండేవారము.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము రేవు ప్రక్కన పెరిగినవారికి బాగా అర్థమవుతుంది. క్రేతులో మంచిరేవులు అనే చోట ఆగుదామని పౌలు హెచ్చరించాడు. చిత్రమేమంటే, ఆ ఓడలో ఆగుదామన్నది సరంగు కాదు, ఖైదీ. శతాధిపతి నావికుని మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. ఎక్కువమంది కూడా బయలుదేరుదామనే అన్నారు. కారణం పెద్దదేమీ కాదు. ఆ రేవు శీతకాలము గడపడానికి వసతిగా లేదు, అంతే. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి తాము అనుకున్నదే సరి అనుకున్నారు. తరువాత ఊరకులోను వచ్చింది.

పదునాలుగు రాత్రుల తరువాత, ఓడ తేలికపడడానికి గోధుమలను సముద్రములో పారబోశారు. యజమాని తొందరపడినది బహుశా ఆ గోధుమల కొరకే. ఓడ ముక్కలైంది. దేవుని కృపవలన 276 మందీ, కొందరు ఈదుతూ, కొందరు పలకలు పట్టుకొని, మెలితే ఒడ్డు చేరారు.